రోడ్డులో కలిసిన అరుగు

మా మావయ్య పోయాడు. పొద్దున్నే బడికి బయల్దేరుతూ టిఫిన్ డబ్బా మూత బిగిస్తుంటే అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య లేవట్లేదే, ఒకసారి రా" అంది. పోయాడని అనలేదు. మేముండేది కూడా పెందుర్తిలోనే, వాళ్ళకి రెండు వీధుల అవతల. చెప్పులేసుకున్నానో లేదో గుర్తులేదు. వెళ్ళేసరికి ఆయన గోడవైపు తిరిగి, ఒక చెయ్యి గోడకి ఆనించి పడుకుని ఉన్నాడు. ఎప్పుడూ అలాగే పడుకునేవాడు కాబట్టి అత్తకి చాలాసేపు అనుమానమే రాలేదట. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే అయిపోయిందమ్మా అన్నాడు.

మీలో కొందరికి ఆయన తెలిసే ఉంటాడు. ఈ ఊళ్ళో ఎప్పుడైనా మీ ప్రహరీ గోడ ముందుకొచ్చిందనో, మెట్లు కాలవ మీదకొచ్చాయనో ఎవరైనా టేపు పట్టుకొచ్చి కొలిచి, "ఇది తీసెయ్యాలమ్మా" అని నెమ్మదిగా చెప్పి వెళ్ళి ఉంటే, ఆ మనిషి మా మావయ్యే కావచ్చు. మీరు తిట్టుకునే ఉంటారు. ఏం పర్లేదు, ఆయనకి అది అలవాటే. నగరపాలక ఆఫీసులో టేపు చివర పట్టుకునే ఉద్యోగంలో చేరి, టేపు పట్టించే ఉద్యోగంలోంచి దిగిపోయాడు. ఉద్యోగంలో ఎక్కువ కాలం వన్ టౌన్‌లోనే గడిచింది. పోర్టు బొగ్గుమసికి తెల్లచొక్కాల కాలర్లు ఎప్పుడూ బూడిదరంగులో ఉండేవి. రంగు చొక్కాలు వేసుకోవచ్చు కదా అని అత్త పోరేది. "మురికి కనబడాల కదే, నేకపోతే ఉతకరు" అనేవాడు. ఆఫీసులో పుస్తకాల్లో రాసినట్టు మాట్లాడే మనిషి, ఇంటి గుమ్మం దాటి లోపలికొస్తే మా భాషలోకి దిగిపోయేవాడు.

మా భాషంటే జాలరిపేట భాష. మావయ్య పుట్టింది అక్కడే. మా అమ్మ ఆయనకి అక్క. మా వైపు అక్కని అప్ప అంటాం. తండ్రి సముద్రం మీద పోతే, మా అమ్మే చేపల తట్ట నెత్తినెట్టుకుని తమ్ముణ్ణి చదివించింది. తమ్ముడికి ఉద్యోగం రాగానే పేటంతా మిఠాయి పంచిపెట్టిందట. ఇల్లు అమ్మమ్మది. మా నాన్న ఇల్లరికం వచ్చాడు కాబట్టి అమ్మ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మావయ్య పెళ్ళయ్యాక పెందుర్తిలో కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు గానీ, ఆదివారమొస్తే పేటలోనే ఉండేవాడు.

ఆ ఇంటికి ఒక అరుగుండేది. దాని గురించి చెప్పకపోతే మీకు మిగతాది అర్థం కాదు. వీధి వైపు, గచ్చు చేసిన అరుగు. అమ్మమ్మ వల కుట్టింది దాని మీదే, అమ్మ తట్ట దించేది దాని మీదే, నేను అక్షరాలు దిద్దిందీ దాని మీదే. మా పేటలో ఇళ్ళు చిన్నవి, లోపల ఇద్దరు తిరిగితే మూడోవాడికి చోటుండదు. అందుకని ఇంట్లో ఎవరు పోయినా అరుగు మీదే పడుకోబెడతారు. తాతయ్య దొరకనే లేదు గానీ, అమ్మమ్మనీ మా నాన్ననీ అక్కడే పడుకోబెట్టారు. ఊరివాళ్ళంతా వీధిలో నిలబడి చూసి, దండం పెట్టుకుని పోయారు.

నేను డిగ్రీ చదువుకోవడానికి మావయ్య ఇంట్లో చేరిన ఏడు, పేటలోంచి రోడ్డు వెడల్పు చెయ్యాలని ఆఫీసులో నిర్ణయమయింది. ఆ పని మావయ్యకి అప్పజెప్పారు. వద్దని మొత్తుకున్నాడు, వేరే జోన్‌కి వేయించుకోవాలని తిరిగాడు. పై ఆఫీసరు ఒకటే మాట. "వాళ్ళు నీవాళ్ళే కదయ్యా, నువ్వు చెబితే వింటారు." ఆ సాయంత్రం పేట పెద్దలు పెందుర్తి వచ్చారు. వాళ్ళదీ ఒకటే మాట. "నువ్వు మావోడివి గదా, ఆపీసులో సెప్పి ఆపించీ." ఇద్దరూ ఆయన్ని నమ్మినవాళ్ళే, అదీ ఆయన కర్మ. వాళ్ళని పంపించి మేడమీదకెళ్ళి, సముద్రం ఉన్న వైపు తిరిగి కూర్చున్నాడు. పెందుర్తి నుంచి సముద్రం కనబడదు. టీ తీసుకెళ్తే నాతో అన్నాడు, "ఆఫీసులో నన్ను పేటోడంతారే. పేటలో ఆఫీసోడంతారు. నాను ఎవుడినో నాకే తెల్దు."

మర్నాడు వెళ్ళి గీతలు గీయించాడు. కొలిచినంత మేరా గోడ మీద ఎర్రరంగుతో బాణం గుర్తు వేస్తారు కదా, అది. మొదటి బాణం మా గోడ మీద వేయించాడు. పక్కనున్నవాళ్ళు వద్దన్నా వినలేదు. "మనింటి కాణ్ణించి మొదలెట్టకుండా పక్కోడింటికి ఏ మొకమెట్టుకుని ఎల్తాను?" అన్నాడు. ఈ మాట ఆయన నోట చాలాసార్లు విన్నాను. ఆయన దృష్టిలో న్యాయమంటే అంతే, ముందు తన వేలు కోసుకోవాలి. గొప్పగానే ఉంటుంది వినడానికి. కోసుకున్న వేలు అప్పదని ఆయనకి తట్టలేదు.

కొట్టే రోజు మా అమ్మ అడ్డం పడలేదు, ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అరుగు మీదున్న తట్ట లోపల పెట్టుకుని, గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగింది.

"రేపు నాను సత్తే నన్నెక్కడ తొంగోబెడతావురా తమ్ముడా?"

మిషన్ వచ్చింది, అరుగు పోయింది. సాయంత్రానికి గుమ్మం ముందు రోడ్డే మిగిలింది.

అసలు పాపం ఆ తరవాతది. మా ఇల్లు పేట మొదట్లో ఉంటుంది. మా ఇల్లయ్యాక పక్కవాళ్ళు కోర్టుకెళ్ళారు, పని ఆగింది. ఆ పై ఆఫీసరు బదిలీ అయి వెళ్ళిపోయాడు, కొత్తగా వచ్చినాయనకి ఆ రోడ్డు సంగతే పట్టలేదు. అంతే, మళ్ళీ ఎవరూ రాలేదు. ఈ రోజుకీ ఆ రోడ్డు మా గుమ్మం దాకా వెడల్పుగా వచ్చి, మా గోడ దాటగానే ఎప్పట్లాగే సందైపోతుంది. పేట మొత్తం మీద తెగిన అరుగు మాది ఒక్కటే. తమ్ముడు అందరి ఇళ్ళూ కొట్టి ఉంటే మా అమ్మ ఏనాడో క్షమించి ఉండేది. మా ఒక్క ఇల్లు కొట్టినందుకు మాట మానేసింది. మావయ్య మాత్రం ఏం చెయ్యగలడు? మిగతావి కూడా కొట్టండని వెళ్ళి అడగలేడు, కొట్టిన అరుగు మళ్ళీ కట్టమనీ అడగలేడు. రెంటికీ చెడి కూర్చున్నాడు.

అమ్మ తమ్ముడితో మాట మానేసింది గానీ నన్ను మాత్రం వాళ్ళింట్లోంచి తెచ్చేసుకోలేదు. "సదువు సదువే, దానికీ దీనికీ ఏటి?" అంది. అలా నేను ఇద్దరి మధ్యా ఉండిపోయాను. ఫీజు కట్టినాయన, పరీక్ష రోజుల్లో స్కూటరు మీద దింపి గేటు దగ్గర నిలబడినాయన, బి.ఇడి. అయ్యాక ఉద్యోగానికి నాకంటే ఎక్కువ తిరిగినాయన ఒకవైపు. కన్నతల్లి ఇంకోవైపు. వాళ్ళ మాటలు మోసీ మోసీ నాకు విసుగు పుట్టేది. మా ఇంట్లో పంతాలు గోడల కంటే గట్టివి, వాటిని కొట్టే మిషన్ ఏ ఆఫీసులోనూ లేదు.

తుఫాను కబురు రేడియోలో రాకముందే మావయ్య నాకు చెప్పేవాడు. పొద్దున్నే మేడమీదకెళ్ళి గాలి చూసే అలవాటు చివరిదాకా పోలేదు. ఊరి మీదుగా ఎన్ని మేడలు దాటి వస్తుందో గానీ, ఆ గాలి ఆయనకి సముద్రం సంగతి చెప్పేది. "గాలి తిరిగింది. మీ అమ్మకి ఫోన్ సేసి పడవలు పైకి లాగించమను. నాను సెప్పానని సెప్పకు." నేను చేసేదాన్ని. అమ్మ విని, "అలగేలే. ఆడు తిన్నాడా?" అనేది. ఎవరు అని నేనడిగితే ఫోన్ పెట్టేసేది.

చేపల దగ్గర ఆయన అవస్థ చూడాలి. పెందుర్తి బజారులో ఐసులో పెట్టిన చేప మొప్ప ఎత్తి చూసి, దించేసి, ఇంకోటి ఎత్తి చూసి, చివరికి వంకాయలు కొనుక్కుని వచ్చేవాడు. "ఇవి సేపలేటి, సేపల పొటోలు" అనేవాడు. అక్క తట్టలో వంజరం ఉంటుందని తెలుసు. జీపులో ఇంటికొస్తూ రోజూ పేట మలుపులో బండి ఆపించి, కాసేపు దిగి నిలబడేవాడట. లోపలికి వెళ్ళడు. అక్కణ్ణించి పడవలు కనబడతాయి, మా ఇల్లు కనబడదు. మళ్ళీ ఎక్కేముందు బూట్లు విప్పి దులుపుకునేవాడట, ఇసకలో కాలు పెట్టకుండానే. ఈ సంగతి నాకు ఆయన డ్రైవరు చెప్పాడు.

ఆ డ్రైవరు మంచివాడు. మంచివాడు కాబట్టే అంత పని చేశాడు.

మావయ్య ఉద్యోగం దిగిపోయే రోజు ఆఫీసులో సభ పెట్టారు. శాలువాలు, దండలు, ఉపన్యాసాలు. ఒకాయన "ముక్కుసూటి మనిషి" అని పొగుడుతుంటే, అత్త నా చెవిలో "ముక్కొక్కటే సూటి" అంది. సభయ్యాక ఇంటికి దిగబెట్టాలి. ఆ ఆఫీసుల్లో అదొక పద్ధతి. దిగిపోయిన మనిషిని ఒంటరిగా పంపరు. దండలతో జీపులో కూర్చోబెట్టి, డప్పులు కొట్టించుకుంటూ స్టాఫంతా వెంట వచ్చి, గుమ్మం దగ్గర దించి, "ఇన్నాళ్ళూ మేం వాడుకున్నాం, మీ మనిషిని మీకు అప్పజెబుతున్నాం" అని ఇంటివాళ్ళకి ఒప్పజెప్పి వెళ్తారు. వెనక సీట్లో నేనూ అత్తా ఎక్కాం. బండ్లు చాలక కొంతమంది టిప్పర్ లారీలో ఎక్కి వెనకే వచ్చారు. జీపు పెందుర్తి వైపు తిరగాల్సిన చోట బీచి వైపు తిరిగింది.

"ఇటెక్కడికి?" అన్నాడు మావయ్య.

"రోజూ మలుపులో ఆపుతారు కద్సార్. ఇయ్యాల లోపలికి తీసుకెల్దారని అందరం అనుకున్నాం. మీ అప్పగారికి అప్పజెబుతాం" అన్నాడు డ్రైవరు, ముఖం వెలిగిపోతూ.

మావయ్య ఆపమనలేదు. వెనకనుంచి ఆయన మెడ మీద చెమట కనబడుతోంది. ఆపమని ఆయన అనడేమని నేను ఆలోచిస్తుండగానే జీపు పేటలోకి దిగిపోయింది.

ఇప్పుడు పేటవాళ్ళ వైపు నుంచి చూడండి. ఆఫీసు జీపు, వెనక టిప్పర్, దాన్నిండా మనుషులు. అరుగు కొట్టిన రోజున వచ్చింది కూడా సరిగ్గా ఇవే. డప్పుల చప్పుడు వాళ్ళ చెవిన పడిందో లేదో గానీ, ఆడవాళ్ళంతా ఇళ్ళలోంచి వచ్చేసి సందుకి అడ్డంగా నిలబడిపోయారు. ముందు మా ఎదురింటి పెద్దమ్మ. చేపలు కోస్తూ కోస్తూ వచ్చినట్టుంది, చేతులకి పొలుసులున్నాయి.

"మళ్ళీ ఎవుల గోడకొచ్చినారు బాబూ? ముందు మామీంచి ఎల్లండి" అంది.

డప్పులు ఆగిపోయాయి. జీపు ఆగింది సరిగ్గా మా గుమ్మం ముందే. ఆగక ఏం చేస్తుంది, ఆ పైన ఆటోలు పట్టే సందే తప్ప జీపు పట్టే రోడ్డు లేదు కదా. ముందు ఆడవాళ్ళు, వెనక టిప్పర్, దాని వెనక ఆటోలు. కదలడానికి లేదు. ఎడమపక్క మా గోడ, కిటికీలోంచి చెయ్యి చాపితే అందేంత దగ్గర. దాని మీద ఎర్ర బాణం వెలిసిపోయినా ఇంకా కనబడుతోంది. మావయ్య చేతులు రెండూ దండల కింద ఒళ్ళో పెట్టుకుని, నేరుగా ముందుకి చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. డ్రైవరు గబగబా దిగి, "అమ్మా, సారు రిటైరైపోయారు. మీ మనిసిని మీకు అప్పజెబుదారని తెచ్చినాం" అన్నాడు. అమ్మ అతన్ని చూడలేదు. తమ్ముణ్ణి చూసింది. తల నెరిసింది కదా, అంత దగ్గరనుంచి చూసి ఎన్నాళ్ళయిందో.

"అప్పా" అన్నాడు మావయ్య.

అమ్మ నావైపు తిరిగింది. "ఉక్కపోతగా ఉంది, ఆ దండలు తీసీమను" అంది నాతో. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. నేను ఆయనకిచ్చాను. చెంబు ఎత్తి గడగడా తాగి నాకిచ్చాడు, నేను అమ్మకిచ్చాను. వీధి వీధంతా చూస్తోంది. అప్పుడు అమ్మ ఎదురింటి పెద్దమ్మతో, "దారియ్యండే. ఆడి ఉజ్జోగం అయిపోయింది, ఇంక గీతలు గీయడు" అంది. ఆడవాళ్ళు పక్కకి జరిగారు.

జరిగి ఏం లాభం? ముందుకెళ్ళడానికి రోడ్డు లేదు. దిగడానికి పిలుపు లేదు. ఆవిడ దిగమంటే ఈయన దిగాలి, ఈయన దిగితే ఆవిడ రమ్మనాలి. ఇద్దరూ అలా చూస్తున్నారు. నాకైతే ఇద్దర్నీ చెరో రెక్కా పట్టుకుని ఆ ఇంట్లోకి తోసి తలుపేసేద్దామనిపించింది. అత్త నా చెయ్యి పట్టుకుని నొక్కింది. వెనక ఆటోలు ఒక్కొక్కటీ కదిలి, టిప్పర్ వెనక్కి మళ్ళేదాకా ఆయన ఆ సీట్లో కదలకుండా కూర్చున్నాడు. తరవాత జీపు మెయిన్ రోడ్డు దాకా వెనక్కి నడిచింది. డప్పులవాళ్ళు డప్పులు చంకలో పెట్టుకుని పక్కన నడిచారు. తిప్పుకునే చోటు లేక, మా మావయ్య పుట్టిన ఇంటి వైపు చూస్తూనే దూరమయ్యాడు.

తరవాత ఇద్దరూ నా దగ్గరే ఏడ్చారు. "దిగితే కొట్టేత్తానా? పులుసు కూడా ఉంది ఆ పూట" అంది అమ్మ. "ఒక్క మాట పిలిత్తే దిగీవోణ్ణి" అన్నాడు మావయ్య. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేశాను. "ఆడికి నోరు నేదా?" అని ఆవిడ. "ఎండలు తగ్గనీ, సూద్దాం" అని ఈయన. ఉద్యోగం పోయినా ఉద్యోగపు అలవాటు పోలేదు ఆయనకి. పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని కాలనీ గేటు దాకా వెళ్ళి వచ్చేవాడు. ఎవరి ఇంటి మెట్లు ముందుకున్నాయో కంటితోనే కొలుచుకుని, ఏమీ అనకుండా వచ్చి మేడెక్కేవాడు. ఎండలు తగ్గాయి. వానలు కూడా వచ్చి వెళ్ళాయి.

ఆయన పోయిన పొద్దున నేను పేటకి వెళ్ళేసరికి అమ్మ ఒడ్డున ఉంది, తట్ట నింపుకుంటోంది. చెప్పాను. చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని తట్టలో పెట్టి, చేతులు సముద్రంలో కడుక్కుని వచ్చింది.

"ఎక్కడుంచారు?"

"పెందుర్తిలో."

"ఇక్కడికి తెండి" అంది. అత్తకి ఫోన్ చేస్తే ఒక్క క్షణం కూడా ఆగలేదు. "నేనే అడుగుదామనుకున్నాను, మీ అమ్మ ఏమంటుందో అని ఊరుకున్నాను" అంది. ఆ ఇంట్లో అందరికీ అదే జబ్బు.

బండి తోలుకొచ్చింది ఆ డ్రైవరే, నేనే తోల్తానని అడిగి ఎక్కాడట. మా గుమ్మం ముందు ఆగింది. ఇంక ముందుకి రోడ్డు లేదు కాబట్టి అక్కడే ఆగాలి. డ్రైవరు దిగి, అమ్మ ముందు నిలబడ్డాడు.

"అప్పజెప్పడానికి తెచ్చినావు గదా బాబూ" అంది అమ్మ. "దించు."

దించారు. నలుగురు పట్టుకుని లోపలికి చూశారు, లోపల చోటు లేదు. ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే మోస్తూ నిలబడ్డారు. అమ్మ లోపల్నుంచి చాప తెచ్చింది. గుమ్మం ముందు, తారురోడ్డు మీద, గోడవారగా పరిచింది. ఇటు చివర అటు చివర సరిచూసుకుని, ఒక పక్క కొంచెం లోపలికి లాగింది. అరుగు ఎంతవరకు ఉండేదో ఆవిడ కొలిచి చూడక్కర్లేదు.

"ఇది మా అరుగు. ఇక్కడ తొంగోబెట్టండి" అంది.

పడుకోబెట్టారు. అప్పుడు కూలబడింది అమ్మ, తమ్ముడి పక్కన, రోడ్డు మీద. "నాను కదురా ముందు తొంగోవాల. నన్నెక్కడ తొంగోబెడతావని అడిగితే నువ్వొచ్చి తొంగున్నావేటిరా" అని మొహం నిమిరి నిమిరి ఏడ్చింది. ఇన్నేళ్ళ మాటలూ ఆయనతోనే నేరుగా చెప్పుకుంది, మధ్యలో నా అవసరం లేకుండా. వినడానికి ఆయన లేడు. నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. ఇప్పటికీ ఏది ఎంతో విడదీసి చెప్పలేను.

ఆటోలు వచ్చి హారన్ కొట్టాయి. ఎదురింటి పెద్దమ్మ వెళ్ళి సందుకి అడ్డంగా నిలబడింది, జీపుకి అడ్డం నిలబడ్డ చోటే. "అరుగు మీద మనిసున్నాడు. అటు నుంచి ఎల్లండి" అంది. ఆ పూట పేటలో పడవలు దిగలేదు. పేట మనిషి పోతే సముద్రానికి వెళ్ళకపోవడం మాలో రివాజు. వెళ్ళొద్దని ఎవరూ చెప్పలేదు, ఎవరూ వెళ్ళలేదు. ఆయన మలుపులో నిలబడి రోజూ చూసుకున్న పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్న నేను పేటలోనే ఉన్నాను. అమ్మ లేచి గుమ్మం ముందు ఊడ్చింది. అరుగు పోయినప్పట్నుంచీ ఆవిడ గడప దాకా ఊడ్చి చీపురు పెట్టేసేది, రోడ్డు మనది కాదనేది. ఆ రోజు గడప దిగి, చాప పరిచిన మేర అంతా ఊడ్చి, నీళ్ళు చల్లింది. ముగ్గుగిన్నె తెచ్చుకుని తారు మీద కూర్చుని, అరుగు ఎక్కడిదాకా ఉండేదో అక్కడిదాకా గీత గీసి, లోపల ముగ్గు పెట్టింది. మార్కెట్టుకి వెళ్ళే బళ్ళు ఒక్కొక్కటే వచ్చి, గీత దగ్గర నెమ్మదించి, పక్కనుంచి తిప్పుకుని వెళ్తున్నాయి.